ఎడమచేతి గ్లౌజు

కోపం వస్తే కొందరు గిన్నెలు విసిరేస్తారు. కొందరు భోజనం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటారు. నాకు కోపం వస్తే బొమ్మల టోపీలు చిన్నవైపోతాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆ వేసవి సెలవుల్లో నాకు ఒళ్ళు మండిపోతోందని నాకంటే ముందు నా సూదులకి తెలిసింది.

మాది ఊరూరా తిరిగే బొమ్మల ప్రదర్శన. మా మావగారు బతికున్న రోజుల్లో చెక్కిన కొయ్యబొమ్మలు, ఒక్కోటి మూరెడు పొడవు, పాతకాలం పెద్దింటి మనుషుల వేషాల్లో ఉంటాయి. నేలను ఊడ్చే గౌన్లు, నిలువు కోట్లు. గౌన్లూ కోట్లూ మావగారే దర్జీ చేత కుట్టించారు. కానీ గడ్డం కింద ముడేసుకునే టోపీలు, భుజాల మీది శాలువాలు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, లేసు కాలర్లు, మణికట్టుకి వేలాడే బుల్లి సంచులు, అయిదు వేళ్ళూ విడివిడిగా ఉండే గ్లౌజులు, ఇవన్నీ నా చేతి అల్లిక. బొమ్మ వేలు అగ్గిపుల్లంత ఉంటుంది. దానికి బజార్లో దొరికే సూదులు పనికిరావు. సైకిలు చక్రం పుల్లలు తెచ్చి, మొనలు గరుకు కాగితం మీద అరగదీసి, నా సూదులు నేనే చేసుకుంటాను. పురుగు కొట్టినవీ ఎండకి వెలిసినవీ తీసేసి ఏటా కొత్తవి వెయ్యాలి. ఇంటి దగ్గర తీరికెక్కడిది? అందుకే ఆ పనంతా వ్యానులోనే, ఊరికీ ఊరికీ మధ్య.

వ్యాను నడిపేది మా ఆయన. కిటికీ పక్కన మా అత్తయ్య. మధ్యలో ఒళ్ళో ఊలుబుట్టతో నేను. వెనక పెట్టెల్లో బొమ్మలు. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ముందే బస్సులో వెళ్ళి హాలు మాట్లాడి పోస్టర్లు అంటించేవారు. ప్రదర్శన మొదలయ్యాక మైకు పట్టుకుని బొమ్మల గురించి చెప్పేదీ ఆయనే. మైకు దొరికితే ఆయనకి ఆకలి కూడా వెయ్యదు. అందుకే నా మనసులో ఆయన పేరు మైకు బావగారు. పైకి అనలేదనుకోండి.

వ్యానులో అల్లడానికి మాకో పద్ధతి ఉండేది. సన్న సూది మీద కుట్లు ఉన్నప్పుడు బండి ఎగిరిందంటే నాలుగైదు కుట్లు జారిపోతాయి, అవి మళ్ళీ ఎత్తుకునేసరికి కళ్ళు పోతాయి. అందుకని రోడ్డు మీద గుంట కనపడగానే మా ఆయన "గతుకు!" అని కేకేసేవారు. నేను అల్లిక గుండెకి అదుముకుని సూదులు ఆపేదాన్ని. బండి ఎగిరి దిగేది. మళ్ళీ అల్లేదాన్ని. ఎవరైనా మా వ్యానెక్కితే మాకు మతి పోయిందనుకునేవాళ్ళు.

ఆ ఏడు బయలుదేరేటప్పుడు బావగారు నేను అడక్కుండానే మాటిచ్చారు.

"ఈసారి అల్లిక ఎవరిదో తెలిసేలా అట్ట మీద నీ పేరు రాయించి బొమ్మల ముందు పెడతానమ్మా. ఇన్నేళ్ళూ కుదర్లేదు. సరేనా?"

సరేనా అని అడగాలా? ఎన్నేళ్ళుగానో లోపల్లోపల అదే కోరుకుంటున్నాను. చెక్కిన మావగారి పేరు అట్ట మీద ఉంది. రంగులు వేసినాయన పేరుంది. ఆఖరికి పెట్టెలు చేసిన వడ్రంగి పేరు కూడా ఓ మూల ఉంది. నాదే లేదు.

"నీ పేరు నువ్వు చదువుకోవడానికి కళ్ళజోడు పెట్టుకున్నావా, మర్చిపోయావా?" అని మా ఆయన దారి పొడుగునా ఆటపట్టించారు.

"మీరు రోడ్డు చూడండి ముందు" అన్నాను, కానీ నవ్వు ఆగలేదు. ఆ రోజు అల్లిన టోపీ ఎంత మెత్తగా వచ్చిందో.

మొదటి ఊళ్ళో పాత సినిమాహాలు వరండా ఇచ్చారు. బొమ్మలు నిలబెట్టి, తుడిచి, చేతులు కడుక్కుని వచ్చి చూస్తే అట్ట పెట్టేశారు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. "అల్లిక: మా నాయనమ్మగారు. నూరేళ్ళ నాటిది."

నాయనమ్మ అంటే మా అత్తయ్యకి అత్తగారు. నేను ఫోటోలో తప్ప ఆవిడ మొహం చూసి ఎరగను.

"బావగారూ, ఇదేంటండీ?"

"ఆఁ, అదా? నిన్న ఇక్కడ నలుగురితో మాట కలిపి చూశానమ్మా. మా మరదలు అల్లిందంటే ఒకడూ తలెత్తి చూడలేదు. మా నాయనమ్మ అల్లింది, నూరేళ్ళయింది అనేసరికి కళ్ళు ఇంతింత చేసుకున్నారు. ఈ ఊరికి ఇలా కానిద్దాం. పై ఊళ్ళో మారుస్తాలే."

పై ఊళ్ళో మార్చలేదు. ఆ పై ఊళ్ళోనూ మార్చలేదు. మారింది నాయనమ్మ కథ ఒక్కటే. రెండో ఊళ్ళో ఆవిడ చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుంది. తర్వాతి ఊళ్ళో కళ్ళు మసకబారాయి. ఇంకో ఊరికి పూర్తిగా చూపు పోయి, చేత్తో తడుముకుంటూ గ్లౌజుల వేళ్ళు అల్లేసింది. ఇంకో నాలుగూళ్ళుంటే మా మైకు బావగారు ఆవిడ చేత చచ్చిపోయాక కూడా అల్లించేసేవారు.

జనం మాత్రం కరిగిపోయేవారు. ఒకావిడ, నా వయసే ఉంటుంది, లేసు కాలరు దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుని "ఎంత ఓపిక తల్లీ ఆవిడకి!" అని నాతోనే అంది. నేను ముందు రోజు మధ్యాహ్నం పెట్రోలు బంకులో వ్యాను ఆగినప్పుడు ముడేసిన కాలరది. ఏం చెప్పను? బావగారు మైకులో చూపు పోయిన నాయనమ్మని నడిపిస్తున్నారు. పక్కకి జరిగాను.

అత్తయ్యని బావగారు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టేవారు, పెద్దావిడ కనపడితే నిండుగా ఉంటుందని. నాకు అల్లిక నేర్పింది ఆవిడే. వేళ్ళు వంకర్లు పోయి సూది పట్టలేకపోయాక ఆ పని నాకొచ్చింది. నాయనమ్మ కథ మొదలవగానే అత్తయ్య కుర్చీలోంచి లేచి వెళ్ళి వ్యానులో కూర్చునేది. ఏమైందని అడిగితే "మైకు హోరు పడట్లేదే" అనేది. నిజమే కాబోలనుకున్నాను.

ఆ వేసవి నడిమధ్యలో శాలువా అల్లాను. తెల్లటి ఊలు, దారమంత సన్నం. అంచు చుట్టూ గవ్వల్లాంటి కుట్ల వరస. రెండు ఊళ్ళ దూరం పట్టింది. మా ఆయన "గతుకు, గతుకు" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు. అది పెద్దావిడ బొమ్మకి. మా బొమ్మలన్నిటిలోకీ అందమైనది, మావగారు ఆఖరున చెక్కింది, దాన్ని మేం పెద్దావిడ అనే పిలుస్తాం. భుజాల మీద కప్పి, వెనక్కి జరిగి చూసుకున్నాను. నేనే అల్లానా అనిపించింది.

మర్నాడు పొద్దున్న హాలు వెనక కొళాయి దగ్గరికి నీళ్ళకి వెళ్ళాను. బావగారు బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. టీ వాసన గుప్పుమంది.

"ఇంత టీ ఎవరికండీ?"

"బొమ్మలకి" అని నవ్వుతూ బకెట్లోంచి ఏదో పైకి తీశారు. నా శాలువా. గోధుమరంగులో నీళ్ళు కారుతోంది.

ఆయన దాన్ని పిండుతూ, మెచ్చుకోలు కోసం చూస్తున్నట్టు నా వైపు చూశారు.

"తెల్లగా తళతళలాడిపోతుంటే నూరేళ్ళదంటే ఎవడు నమ్ముతాడమ్మా? ఇదిగో, ఇక్కడ సిగరెట్టుతో చిన్న చిల్లు కూడా పెట్టా. చూడు, అచ్చం పురుగు కొట్టినట్టు లేదూ?"

"బావగారూ, అది నేను... ఎంత కష్టపడి..." వెనక్కి తిరిగాను. మా ఆయన పళ్ళు తోముకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా చూశారు. "చెప్పండీ!" అన్నాను.

ఆయన నోట్లో నురగ ఉమ్మేసి, "అన్నయ్య ఏదో ప్రదర్శన కోసమే కదా. పోనీలే" అన్నారు.

ఈ 'పోనీలే' ఉందే, అది మా ఆయన ఊతపదం. పాలు పొంగిపోయినా పోనీలే, మనిషి పొగిలిపోయినా పోనీలే. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా పోయింది నాది. ఆయనది ఏ రోజూ ఏదీ పోలేదు. ఆ పూట బిందె కొళాయి కిందే వదిలేసి వచ్చేశాను. వ్యానులో కూర్చుని సూదులు తీసుకుని మొండిగా అల్లడం మొదలుపెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలీలేదు మరి.

అప్పట్నుంచి ఒక విచిత్రం జరిగింది. "గతుకు!" అని మా ఆయన కేకేసినా నేను సూదులు ఆపడం మానేశాను. ఆయన మీద మంటతోనే మానేశాను, ఒప్పుకుంటాను. కానీ బండి ఎంత ఎగిరినా ఒక్క కుట్టూ జారట్లేదు. చెయ్యి తిరిగిందనుకుని మురిసిపోయాను కూడా. బావగారేమో టోపీలు పట్టుకొచ్చి "ఇవి తలకి పట్టట్లేదమ్మా, టీ మరీ వేడిగా ఉందంటావా?" అని అడిగేవారు. "ఏమో, మీ నాయనమ్మనే అడగండి" అనేదాన్ని. ఆయన అది జోకనుకుని నవ్వేవారు.

ఒక మిట్టమధ్యాహ్నం దారిలో టైరు పంక్చరైంది. మా ఆయన దాన్ని దొర్లించుకుంటూ షాపు వెతుక్కుంటూ వెళ్ళారు. నేనూ అత్తయ్యా వ్యాను నీడలో చాప పరుచుకున్నాం.

"ఆ టోపీల సంచీ ఇలా ఇయ్యవే" అంది అత్తయ్య.

ఆ సీజన్లో అల్లిన టోపీలన్నీ తీసి చాప మీద వరసగా పేర్చింది.

"ఇవన్నీ ఒకే లెక్కకి అల్లావా?"

"అవునత్తయ్యా. అదే ఊలు, అవే సూదులు, అన్నే కుట్లు."

ఆవిడ వంకరపోయిన వేళ్ళు దగ్గరకి ముడిచి వాటికి మొదటి టోపీ తొడిగింది. సులువుగా ఎక్కింది. తర్వాతది కొంచెం పట్టి ఎక్కింది. ఒక్కోటీ తొడిగి తీసేసుకుంటూ వచ్చింది. శాలువా తర్వాత అల్లిన టోపీ వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, బొటనవేలితో నొక్కింది.

"ఎన్నాళ్ళైందే నీకు కోపం వచ్చి?"

"కోపమా? నాకేం కోపం లేదత్తయ్యా."

"నా దగ్గర నంగనాచి కబుర్లు చెప్పకు. ముట్టుకుని చూడు, చెక్కలా ఉంది. గతుక్కి సూది కూడా ఆపట్లేదు నువ్వు. కుట్టు జారమన్నా జారదు, పీక పట్టుకుని బిగిస్తున్నావు దాన్ని."

టోపీలు చూశాను. పెద్ద నుంచి చిన్నకి బారులు తీరి ఉన్నాయి. మూడోదీ నాలుగోదీ శాలువా కంటే ముందువే, అవి కూడా బిగిసే ఉన్నాయి. అంటే అట్ట చదివిన రోజు నుంచే. ఇన్ని రోజులూ నేను నవ్వుతూ, వండుతూ, బొమ్మలు తుడుస్తూ తిరిగాను, లోపల ఇంత పెట్టుకుని!

"అవును, కోపమే!" అన్నాను. "మండిపోతోంది నాకు. నేను కళ్ళు చించుకుని అల్లితే ఎవరో ఫోటోలో ఉన్నావిడ అల్లిందా? దాన్ని టీలో ముంచి సిగరెట్టుతో కాలుస్తారా? మీ చిన్నబ్బాయికి నోట్లో బ్రష్షు తప్ప మాట లేదా?"

అత్తయ్య నన్ను ఊరుకోమనలేదు. నేను ముక్కు తుడుచుకునేదాకా ఆగి, మెల్లగా మొదలుపెట్టింది.

"మా అత్తగారు అల్లిందంటాడు వాడు. ఆవిడ సూది ముట్టిన పాపాన పోలేదే. పెళ్ళై వచ్చేటప్పుడు మా అమ్మ నాకు రెండు జతల సూదులిచ్చింది. కొయ్యవి, నున్నగా ఉండేవి. ఒకరోజు నేను వరస మధ్యలో ఉన్నాను. ఆవిడ వచ్చి నా చేతిలోంచి లాక్కుని పొయ్యిలో పెట్టింది. ఊలు పట్టుక్కూర్చునే దానికి ఇంటి పని ఏం తోస్తుందీ అంది. రెండో జత కూడా వెతికి తెచ్చి పెట్టింది. నేను చూస్తుండగానే కాలిపోయాయి. ఆవిడ పోయేదాకా మళ్ళీ సూది పట్టలేదు."

"బావగారికి తెలీదా?"

"ఎప్పుడో చెప్పాను. వాడికి నాయనమ్మ ముద్దు. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు."

"మరి మీరు అల్లినవి అంత మెత్తగా ఎలా ఉండేవత్తయ్యా? మీకు కోపమే రాదనుకునేదాన్ని."

"రాకపోవడమేంటే!" ఆవిడ గొంతు ఒక్కసారి లేచింది. "ప్రతి కుట్టూ వేళ్ళు చూసుకుని వదులు చేసేదాన్ని. బిగిస్తే మీ మావయ్య కనిపెడతారని, వాళ్ళమ్మ మీద ఇంకా పెట్టుకున్నానంటారని. నీ చెయ్యి వెన్న అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకున్నప్పుడల్లా మండేది నాకు."

దూరంగా మా ఆయన టైరు దొర్లించుకుంటూ వస్తున్నారు. అత్తయ్య టోపీలన్నీ సంచీలో కుక్కేసింది.

తర్వాతి ఊళ్ళో బావగారు గాల్లో తేలిపోతూ ఎదురొచ్చారు. పెద్ద ఊళ్ళో ఒక హాలువాళ్ళు మా బొమ్మల్ని శాశ్వతంగా అద్దాల బీరువాలో పెడతామన్నారట. సీజను ఆఖర్న సభ. బీరువా మీద ఇత్తడి పలక, దాని మీద ఆయన పేరు కూడా. తిరుగుళ్ళు అయిపోయినట్టే. పెద్దావిడ బొమ్మకి మాత్రం కొత్త గ్లౌజులు కావాలి. సభలో అత్తయ్య చేత తొడిగించాలని ఆయన ఆలోచన.

కుడిచేతి గ్లౌజు ఆ ఊళ్ళోనే అల్లాను. అత్తయ్య మాటలు గుర్తుపెట్టుకుని, వేళ్ళు చూసుకుంటూ వదులుగా అల్లాను. పెద్దావిడ చేతికి చక్కగా ఎక్కింది. అత్తయ్యలాగే నేనూ నేర్చేసుకుంటున్నానన్నమాట. ఆ సాయంత్రం హాలువాళ్ళ లారీ వచ్చి బొమ్మల్ని ముందే తీసుకెళ్ళిపోయింది. లారీ కదిలాక బావగారిని అడిగాను.

"పలక మీద అల్లిక ఎవరిదని చెక్కిస్తున్నారు?"

"ఇంకెవరిది? నాయనమ్మది."

"మీరు మాటిచ్చారు బావగారూ. అట్ట పోతే పోయింది, అది చింపితే చిరుగుతుంది. ఇత్తడి మీద చెక్కితే ఇక మారదు. నా పేరు వేయించండి."

ఆయన చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పారు. "చూడమ్మా. బతికున్నవాళ్ళ అల్లిక ఎవడికి కావాలి? నీలా అల్లేవాళ్ళు వీధికి పదిమంది. పోయినవాళ్ళదైతేనే దండం పెడతారు. అయినా ఇంటి పేరు ఇంట్లోనే ఉంది కదా, నీదైతేనేం, ఆవిడదైతేనేం?"

"అయితే మీ పేరు కూడా తీసేసి వడ్రంగి పేరు పెట్టించండి. మీదైతేనేం, ఆయనదైతేనేం?"

బావగారి మొహం మాడింది. మా ఆయన మధ్యలోకి వచ్చి, "అబ్బ, ఇప్పుడెందుకు గొడవ. పోనీ..." అన్నారు.

"ఇంకొక్కసారి ఆ మాటన్నారంటే వ్యాను మీకే వదిలేసి నడిచి పోతాను."

ఆయన పెద్ద ఊరు చేరేదాకా గతుకు అని కూడా అనలేదు పాపం. ఆ దారిలోనే ఎడమచేతి గ్లౌజు అల్లాను. తొడిగి చూద్దామంటే బొమ్మ లేదు. వేళ్ళు చూసుకోలేదు. చూసుకోదలచుకోలేదు.

సభ రోజు హాలు నిండిపోయింది. వేదిక మీద అద్దాల బీరువా, లోపల మా బొమ్మలు, పైన తెర కప్పిన పలక. పెద్దావిడ బొమ్మని బయట బల్ల మీద నిలబెట్టారు, చిల్లుపడ్డ శాలువాతో. నేనూ మా ఆయనా మొదటి వరసలో కూర్చున్నాం. హాలు మేనేజరమ్మ రెండు మాటలు చెప్పి మైకు బావగారికిచ్చింది. ఇక చూడండి. నాయనమ్మ తల్లి పోయింది, చూపు పోయింది, వేళ్ళు తడుముకున్నాయి. నా వెనక ఎవరో ముక్కు చీదుతున్నారు. తెర లాగారు. ఇత్తడి తళుక్కుమంది. నాయనమ్మ పేరు అక్షరం అక్షరం లోతుగా చెక్కి ఉంది.

"ఆ మహాతల్లి అల్లిన గ్లౌజుల్ని ఆవిడ కోడలు, మా అమ్మ, తన చేతుల్తో తొడుగుతారు" అన్నారు బావగారు.

అత్తయ్య మెల్లగా మెట్లెక్కింది. వంకర వేళ్ళతో కుడిచేతి గ్లౌజు తొడిగింది. ఎక్కింది. చప్పట్లు. ఎడమది తీసుకుంది. చిటికెనవేలు దూరలేదు. తిప్పి పెట్టింది. దూరలేదు. హాలంతా ఎదురుచూస్తోంది. బావగారు చప్పున అందుకున్నారు.

"చూశారా! నూరేళ్ళలో ఊలు ఎలా కుంచించుకుపోయిందో!"

జనం అయ్యో అన్నారు. అత్తయ్య గ్లౌజు కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. బావగారి చేతిలో మైకు ఆవిడ పక్కనే ఉంది. ఆవిడ నా వైపు తిరిగి, వంటింట్లోంచి పిలిచినట్టే పిలిచింది.

"అమ్మాయ్, ఇలా రా. నువ్వు అల్లిందేగా, నువ్వే తొడుగు. నా వల్ల కావట్లేదు."

మైకులో ప్రతి మాటా హాలు ఆ చివరిదాకా వినపడింది. నేను లేచాను. మా ఆయన కాళ్ళు పక్కకి జరిపి దారిచ్చారు. వేదికెక్కి, నా సంచీలోంచి సూది తీసి, దాని మొనతో ఒక్కో వేలూ సాగదీసి, బొమ్మ చేతికి గ్లౌజు ఎక్కించాను. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ఎవరో ఒకాయన మాత్రం "అంటే, ఈవిడ అల్లినవా?" అన్నాడు. "అవునండీ" అన్నాను. అంతే, ఇంకేం జరగలేదు. జనం గుసగుసలాడుకుంటూ లేచిపోయారు.

హాలు ఖాళీ అయ్యాక బావగారు అత్తయ్య మీద విరుచుకుపడ్డారు.

"ఇంటి పరువు తీసి మైకులో పెట్టావు కదమ్మా! నాయనమ్మ ఆత్మ ఎంత క్షోభిస్తుంది?"

"మీ నాయనమ్మ నా సూదులు పొయ్యిలో పెట్టింది" అంది అత్తయ్య. అరవలేదు. "ఆ మంట మీదే నీకు పాలు కాచి పోశానురా. ఆ చేతులకి నన్ను దండం పెట్టమంటావా?"

మేనేజరమ్మ ఇబ్బందిగా దగ్గింది. "చూడండీ, బొమ్మలు మేం తీసుకున్నాం, ఆ మాట మార్చం. పలకా చెక్కించేశాం, ఇప్పుడు ఇంకోటి చేయించలేం. అల్లికల సంగతి మీలో మీరు తేల్చుకోండి."

"తేలిపోయిందండీ" అన్నాను.

బల్ల దగ్గరికి వెళ్ళాను. మొదట పెద్దావిడ శాలువా తీశాను, టీ మరకతో, చిల్లుతో సహా. తర్వాత గ్లౌజులు. తర్వాత బీరువా తలుపు తెరిచి వరసగా టోపీలు, కాలర్లు, సంచులు. బొమ్మలు మావగారివి, ఉండనీ. అల్లిక నాది. ఒక్క కుట్టు కూడా ఆ పలక కింద వదలదలచుకోలేదు.

"రేయ్, నీ పెళ్ళానికి చెప్పరా!" అని బావగారు మా ఆయన మీద అరిచారు.

మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఈయన కూడా ఇప్పుడు ఆపుతారు కాబోలని పళ్ళు బిగించాను. ఆయన వంగి బీరువా మూలకి చూపించారు.

"ఆ చివరి బొమ్మ మేజోళ్ళు మర్చిపోయావు." తానే ఊడదీసి సంచీలో వేశారు. తర్వాత అన్నగారి వైపు తిరిగి అన్నారు, "పోనీలే అన్నయ్యా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాటకి పోయింది నాది కాకపోవడం అదే మొదటిసారి.

మళ్ళీ ప్రదర్శనలు లేవు. బావగారు మా గుమ్మం తొక్కలేదు. అత్తయ్య మా దగ్గరే ఉండిపోయింది. ఆ బొమ్మలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయట. నూరేళ్ళ నాటి అల్లిక అని మీద పలక, కింద ఒట్టి చేతుల్తో, బోడి తలల్తో బొమ్మలు. చూసినవాళ్ళు వచ్చి చెప్తుంటారు. చెప్పిన ప్రతిసారీ నాకు మళ్ళీ మండుతుంది. మండనీ.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఊరు దాటాక అత్తయ్య నా ఒళ్ళో బుట్ట వైపు చెయ్యి చాపింది.

"సూదులు ఇలా ఇయ్యవే."

"మీ వేళ్ళు నొప్పెడతాయి అత్తయ్యా."

"నొప్పెడితే పెట్టనీ."

కుట్లు ఎక్కించి ఇచ్చాను. ఆవిడ వంకర వేళ్ళ మధ్య సూది ఇరికించుకుని మొదలుపెట్టింది. దారం చూపుడువేలికి రెండు చుట్లు చుట్టి, పంటి మీద పన్ను పెట్టి, ఒక్కో కుట్టూ లాగి లాగి బిగించింది. వదులు చెయ్యలేదు. వేళ్ళ వైపు చూసుకోనే లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అల్లింది.

ముందు రోడ్డు మీద పెద్ద గుంట. చాలా రోజుల తర్వాత మా ఆయన మళ్ళీ కేకేశారు.

"గతుకు! అమ్మా, గతుకు!"

అత్తయ్య సూదులు ఆపలేదు. బండి ఒక్కసారి పైకెగిరి దబ్బున పడింది. వెనక ఖాళీ పెట్టెలన్నీ దడదడలాడాయి. నేను ఒంగి ఆవిడ చేతిలోకి చూశాను. ఒక్క కుట్టు కూడా జారలేదు.